దోర్నకల్ కాపరి: బిషప్ అజరయ్యగారి జీవితము

ధ్యానమునకు చదువవలసిన భాగము: 1 కొరింథీయులకు 9:16–23



పౌలు అపొస్తలుడు కొరింథు సంఘమునకు వ్రాసిన మొదటి పత్రికలో తన పరిచర్యనుగూర్చి ఒక మాట చెప్పెను. సువార్త ప్రకటించుట తాను అతిశయపడదగిన సంగతి కాదనియు, అది తప్పించుకొన వీలులేని బాధ్యత యనియు, దానిని మానినచో తనకే కీడు కలుగుననియు ఆయన ఒప్పుకొనెను. ఈ మాటను మనము ఆదివారమున గుడిలో విని యింటికి పోవుదుము. అయితే మన తెలుగుదేశములో ఒకప్పుడు క్రొత్తగా బాప్తిస్మము పొందిన కూలివాడును, కూలిస్త్రీయును, తలమీది నీళ్లు ఆరకముందే తమ చేయి తమ తలపై నుంచుకొని, ఈ మాటనే తమ మాటగా పలుకుచుండిరి. చదువు రానివారు, చెప్పులు లేనివారు, ఊరి వెలుపల కాపురమున్నవారు ఆ దినముననే సువార్తికులగుచుండిరి. వారికి ఈ పద్ధతి నేర్పినవాడు దోర్నకల్ బిషపుగారైన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు. ఆంగ్లికను సంఘములో బిషపైన మొదటి భారతీయుడు ఆయనయే. ఆయన జీవితములో మన గ్రామ సంఘములకు పనికివచ్చు పాఠములు అనేకములు గలవు.

బాల్యమును తల్లి ప్రార్థనయు

అజరయ్యగారు తెలుగువాడు కాడు. 1874వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీన తమిళదేశమున తిరునెల్వేలి జిల్లాలోని వెల్లాలన్‌విళై అను చిన్న గ్రామములో జన్మించెను. తండ్రి తామస్ వేదనాయగముగారు నాడారు కులమున పుట్టి, మిషను పాఠశాలలో చదువుచుండగా క్రీస్తును నమ్మి, తరువాత ఆ గ్రామ సంఘమునకు పాదిరియైనవాడు. తల్లి ఎల్లెనమ్మగారు. వారికి ఒక కుమార్తె పుట్టిన తరువాత చాల యేండ్లవరకు మరియొక బిడ్డ కలుగలేదు. ఆ తల్లి హన్నావలె దేవుని సన్నిధిని మొఱ్ఱపెట్టెను. కుమారుడు కలిగినప్పుడు హన్నా పెట్టిన పేరే, అనగా సమూయేలు అను పేరే పెట్టి, బిడ్డను ప్రభువు పనికి అప్పగించెను.

బాలుడు యౌవనస్థుడు కాకముందే తండ్రి గతించెను. తల్లి భక్తిలోను క్రమశిక్షణలోను అతనిని పెంచెను. మిషను పాఠశాలలలో చదివి, పిమ్మట మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి గణితశాస్త్రము అభ్యసించెను. అయితే చివరి పరీక్ష సమయమున జబ్బుపడుటచేత పట్టము పొందలేకపోయెను. లోకము దృష్టిలో అది పెద్ద నష్టమే. కాని పట్టములేని ఆ విద్యార్థికి 1920వ సంవత్సరమున ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టమిచ్చెను.

యౌవనుల మధ్య పని

1895లో ఆయన వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా చేరెను. అప్పటికి ఇరువది యొక్క యేండ్లవాడు. దక్షిణ హిందూదేశమంతట తిరుగుచు కళాశాలలలోను పట్టణములలోను యౌవనులకు బోధించెను. ఈ పనిలోనే అమెరికా దేశస్థుడైన షెర్వుడ్ ఎడ్డీగారు ఆయనకు స్నేహితుడయ్యెను. తెల్లవారును నల్లవారును ఒకే బల్లయొద్ద కూర్చుండుట అరుదైన ఆ దినములలో వీరిద్దరు కలిసి ప్రయాణముచేసి, కలిసి ప్రార్థించి, ఒకరి తప్పును ఒకరు దిద్దుకొనునంతటి చనువు గలవారైరి. ఈ స్నేహమునుగూర్చి ముందు మరల చెప్పవలసియున్నది.

1898లో అజరయ్యగారు అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడెను. దక్షిణ దేశమున కళాశాల చదువు చదివిన మొదటి క్రైస్తవ స్త్రీలలో ఆమె యొకతె. కట్నము లేదు, ఆడంబరము లేదు. పెండ్లికి అప్పుచేసి జీవితమంతయు ఆ అప్పు తీర్చుకొను కుటుంబములు నాడును కలవు, నేడును కలవు. తాను బోధించు దానిని ఆయన తన పెండ్లితోనే మొదలుపెట్టెను.

యాళ్పాణము కలిగించిన సిగ్గు

1902లో ఆయన సింహళ ద్వీపములోని యాళ్పాణమునకు పోయెను. అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో, తమలోనుండి పనివారిని ఇతర స్థలములకు పంపుచుండుట చూచెను. అది ఆయన హృదయమును పొడిచెను. తిరునెల్వేలి సంఘము వారికంటె పెద్దది. సువార్త వచ్చి నూరేండ్లు దాటినది. అయినను పాదిరి జీతము మొదలుకొని గుడి కప్పువరకు సీమనుండి వచ్చు ధనము మీదనే కన్నులుంచి కూర్చుండియున్నది. పుచ్చుకొనుటయేగాని ఇచ్చుట నేర్వని సంఘము ఎన్నటికి పెద్దదగును?

ఆయన ఇంటికి వచ్చి ఊరకుండలేదు. 1903 ఫిబ్రవరి 12వ తేదీన తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపింపబడెను. పనివారు ఈ దేశస్థులే, ధనము ఈ దేశస్థులదే, నిర్వాహము ఈ దేశస్థులదే అనునది దాని నియమము. పని ఎచ్చట చేయవలెనని వెదకగా, నైజాము రాజ్యమున తూర్పుభాగములో, మానుకోట ప్రాంతమున, దోర్నకల్ చుట్టుపట్ల సువార్త వినని పల్లెలు అనేకములున్నవని తెలిసెను. ఈ విధముగా తమిళ పల్లెలలోని బీదల కానుకలతో మన తెలుగు పల్లెలకు సువార్త వచ్చెను. 1905వ సంవత్సరము క్రిస్మసు దినమున, విలియం కేరీగారు పనిచేసిన శ్రీరాంపురములో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడినప్పుడును అజరయ్యగారు దాని స్థాపకులలో ఒకరైరి.

ఇతరులను పంపి తాను ఉండగలడా?

ఇప్పుడొక ప్రశ్న ఆయనను వెంబడింపసాగెను. దోర్నకలుకు పొండని యౌవనులను పిలుచుచున్నాను. మరి నేనెందుకు పోరాదు? ఆయన పేరుగలవాడు, దేశములు తిరిగినవాడు. 1907లో జపానులోని టోక్యోలో జరిగిన ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సభకు వెళ్లివచ్చినవాడు. దోర్నకల్ అన్ననో అడవిప్రదేశము, జ్వరములకు నెలవు. భాష వేరు. భార్యయు చిన్నబిడ్డలును ఉన్నారు. అయినను 1909లో ముప్పది అయిదేండ్ల వయస్సున వై.ఎం.సి.ఏ. ఉద్యోగము విడిచి, గురుపట్టము పొంది, కుటుంబముతో దోర్నకల్ చేరెను. మొదట వారి కాపురము గుడారములోనే. చిన్నపిల్లవానివలె తెలుగు అక్షరములు దిద్ది, తెలుగులో ప్రార్థించి, తెలుగులో ప్రసంగించుట నేర్చుకొనెను. పౌలు యూదులకు యూదునివలె అయ్యెనని చదువుదుము. అజరయ్యగారు తెలుగువారికి తెలుగువాడయ్యెను.

ఎడిన్‌బరోలో చెప్పిన సత్యము

1910 జూన్ నెలలో స్కాట్లండు దేశమందలి ఎడిన్‌బరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ కూడెను. ప్రతినిధులు సుమారు 1,200 మంది. వారిలో ఆసియా దేశస్థులు ఇరువదిమందికైన తక్కువ. ఆ సభలో అజరయ్యగారిని మాటలాడుమనిరి. విషయము, మిషనరీలును దేశీయ పనివారును కలిసి పనిచేయుట.

ఆయన పొగడ్తలు చెప్పి కూర్చుండియుండిన అందరు మెచ్చుకొనియుందురు. అయితే ఆయన సత్యము చెప్పెను. దొరలు మన దేశమునకు చేసిన త్యాగమును కృతజ్ఞతతో ఒప్పుకొనుచునే, మంచి మిషనరీలు కూడ దేశీయ పనివారిని జీతగాండ్రవలెనే చూచుచున్నారనియు, వారితో కూర్చుండి భుజించుట, వారి యిండ్లకు పోవుట, వారి మనస్సు తెలిసికొనుట అరుదనియు చెప్పెను. తమ ధనమును బీదలకిచ్చి, తమ శరీరములను కూడ అర్పించిన మిషనరీలను భారతదేశము మరువదుగాని, దానికి అంతకంటె కావలసినది ప్రేమయనియు, తమకు స్నేహితులను ఇయ్యుడనియు వేడుకొని ముగించెను. సభ కలవరపడెను. కొందరికి కోపము వచ్చెను. కొందరు తలలు వంచుకొనిరి. ఆ సభలో జరిగిన ప్రసంగములలో నేటివరకు జనులు జ్ఞాపకముంచుకొనినది ఆ తమిళ పాదిరి ప్రసంగమే.

ఆయన ద్వేషముతో మాటలాడలేదని గమనింపవలెను. ఎడ్డీగారివంటి దొర స్నేహము ఎంత మధురమో రుచిచూచినవాడు గనుకనే, ఆ స్నేహము అందరికి కలుగవలెనని కోరెను. ప్రేమగలవాడే నొప్పించు సత్యమును మేలుకొరకు పలుకగలడు.

బిషపు పట్టము

అప్పుడు మద్రాసు బిషపుగా నున్న హెన్రీ వైట్‌హెడ్‌గారు అజరయ్యగారిని బిషపు చేయవలెనని తలంచెను. ఎదిరింపు పలుదిక్కులనుండి వచ్చెను. భారతీయుని క్రింద ఆంగ్లేయులు ఎట్లు పనిచేయుదురని కొందరు మిషనరీలనిరి. పరిపాలనయు ధనపు లెక్కలును దేశీయుని చేతికిచ్చిన పని చెడునని కొందరు భయపడిరి. ఆఫ్రికాలో 1864లో మొదటి నల్లజాతి ఆంగ్లికను బిషపైన శామ్యూల్ క్రౌథర్‌గారు తన వృద్ధాప్యములో యూరోపియను మిషనరీలవలన అవమానపడిన సంగతి అందరికి తెలియును. మన క్రైస్తవులలోనే కొందరు కులము తలంచుకొని, నాడారు కులస్థునికి ఈ పదవి యేమని గొణిగిరి. దొర చేసిన అవమానమును సహించుట కష్టము. తనవారు చేసినది అంతకంటె కష్టము.

అయినను దేవుడు ద్వారము తెరచెను. దోర్నకల్ నైజాము రాజ్యములోనిది, ప్రాంతము చిన్నది, యూరోపియనులు కొద్దిమందియే. ఆటంకములు తక్కువ. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని పరిశుద్ధ పౌలు దేవాలయమున అజరయ్యగారికి బిషపుగా అభిషేకము జరిగెను. ఆయన వయస్సు ముప్పది యెనిమిదేండ్లు. 1920 తరువాతి యేండ్లలో కృష్ణా, గోదావరి ప్రాంతములలోని పెద్ద సంఘములు కూడ ఆయన మండలములో చేరెను. మొదట శంకించిన మిషనరీలలో పలువురు ఆయన క్రింద సంతోషముతో పనిచేసిరి. ఆయన బ్రదుకే వారికి జవాబయ్యెను.

మాలపల్లెలోను మాదిగపల్లెలోను

ఆయన మండలములో క్రైస్తవులు చాలవరకు మాలలు, మాదిగలు. పాలేరుతనము, అప్పు, ఆకలి, అంటరానితనము అనువాని నడుమ పుట్టి పెరిగినవారు. గుంపులు గుంపులుగా బాప్తిస్మము కోరి వచ్చుచుండిరి. బిషపుగారు ఎడ్లబండిమీదను, సైకిలుమీదను, కాలినడకను పల్లెలు తిరిగెను. చెట్టునీడనో పూరిపాకలోనో కూర్చుండి, బాప్తిస్మపు పరీక్ష తానే అడిగెను. ప్రభువు ప్రార్థనయు, పది ఆజ్ఞలును, విశ్వాసప్రమాణమును నోటికి వచ్చెనా? కల్లు, సారా మానితిరా? చచ్చిన పశువుల మాంసము విడిచితిరా? గ్రామదేవతల కొలుపులకు పోవుచున్నారా? పసిబిడ్డలకు పెండ్లి చేయుచున్నారా? ఈ ప్రశ్నలకు సరియైన ఉత్తరము రానియెడల మరి కొంతకాలము నేర్చుకొనుడని చెప్పి పంపివేసెను. క్రమశిక్షణలో ఆయన కఠినుడే. ఆ కాఠిన్యమునకు నొచ్చుకొనినవారును కలరు. అయితే వెలుపలివాడు తక్కువ చూపు చూచిన మనుష్యులను, వారు పరిశుద్ధులు కాగలరని నమ్మి, ఆయన గౌరవించెను. తక్కువ కోరుట దయ కాదని ఆయనకు తెలిసియుండెను.

ఆయన పని యంతటికి వెన్నెముక గ్రామ ఉపదేశియే. ఉదయము పిల్లలకు బడి, సాయంకాలము పెద్దలకు ప్రార్థన, జబ్బుపడినవారికి దర్శనము, ఇవి ఉపదేశి పనులు. ఉపదేశి భార్య కూడ తర్ఫీదు పొందవలెనని బిషపుగారు పట్టుపట్టెను. తల్లి మారక యిల్లు మారదు గదా. ఈ పనిలో అన్బు అమ్మగారు స్త్రీలకు తల్లివలె నిలిచెను. ఇంగ్లీషు చదువు లేకపోయినను, భక్తియు తెలివియు గల గ్రామస్థులను దోర్నకల్‌లోని వేదపాఠశాలలో తెలుగుననే బోధించి, గురువులుగా అభిషేకించెను. మాలమాదిగల బిడ్డలు పాదిరులై, గుడిబల్లయొద్ద నిలిచి ప్రభువు సంస్కారమును పంచిపెట్టిరి.

ఇచ్చుటనుగూర్చి ఆయన యెడతెగక బోధించెను. బీదసంఘము ఇయ్యలేదని ఆయన ఒప్పుకొనలేదు. వంటకు తీయు బియ్యములో పిడికెడు దేవునికని ప్రక్కనుంచుట, కోతపండుగకు ధాన్యము, కోడి, గుమ్మడికాయ తెచ్చుట ఆయన ప్రోత్సహించిన పద్ధతులు. క్రైస్తవుని కానుకనుగూర్చి ఆయన వ్రాసిన చిన్న పుస్తకము పలుభాషలలోనికి పోయెను. మన పల్లెల జాతరలవలె క్రైస్తవ జాతరలు జరిపించి, భజనలతో, కోలాటములతో ప్రభువును స్తుతింపజేసెను.

క్రీస్తునందు మాలయని మాదిగయని లేదనియు, ఒకే పాత్రలోనిది త్రాగవలెననియు ఆయన పట్టుదలతో బోధించెను. అయినను ఆ గోడ ఆయన కాలములో పూర్తిగా కూలలేదు. సంఘపు పనులలో మాలలకే పెద్దపీట దొరకుచున్నదని మాదిగ క్రైస్తవులు మొఱపెట్టిన సంగతులు ఆయన కడవరి యేండ్లను బాధించెను. ఈ మాట దాచిపెట్టరాదు. ఆయన మొదలుపెట్టి ముగింపలేని పని మన చేతికి వచ్చియున్నది.

వెలుపలివారు మాత్రము చూచుచునే యుండిరి. త్రాగుబోతు త్రాగుట మానెను. జగడగొండి నెమ్మదిగలవాడయ్యెను. పిల్లలు బడికి పోవుచుండిరి. ఈ మార్పు చూచి 1930వ సంవత్సరపు ప్రాంతములనుండి సవర్ణులలోనుండి కూడ అనేకులు క్రీస్తును వెదకుచు వచ్చిరి. 1940 నాటికి ఆ మండలమందలి క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటెను.

గాంధీగారితో భేదాభిప్రాయము

అజరయ్యగారు దేశభక్తుడు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వద్దనియు, సంఘము దేశములో వేరొక కులమువలె కాక ఉప్పువలె కలిసియుండవలెననియు వాదించెను. అయితే గాంధీగారు బీదజనుల మతమార్పిడిని ఆక్షేపించినప్పుడు, ఆయన తలవంచలేదు. అంటరానివారికి ఆత్మ సంగతులు గ్రహించు శక్తి లేదనుట వారిని అవమానించుటే యనియు, సువార్త విని తమకై తాము నిర్ణయించుకొను హక్కు వారికి కలదనియు ఆయన భావము. ఎడిన్‌బరోలో దొరల యెదుట నిలిచినట్లే, స్వదేశమున మహానాయకుని యెదుటను తన బీద మందపక్షమున నిలిచెను.

ఐక్యత కొరకు

1919 మే నెలలో తరంగంబాడిలో ఆంగ్లికను సంఘమువారును, దక్షిణ ఇండియా ఐక్యసంఘమువారును కొందరు కూడిరి. ముప్పది ముగ్గురిలో దాదాపు అందరు భారతీయులే. అజరయ్యగారును, శాంతియాగోగారును ఆ సభకు ముందునిలిచిరి. ఇంగ్లండులో పుట్టిన జగడములు మన పల్లెలకెందుకు? ఒక వీధిలో ఒక మిషనువారు, ఎదుటి వీధిలో మరియొక మిషనువారు ఉండి, ఒకరి బల్లయొద్ద ఒకరు చేరకయున్న, అన్యజనులు క్రీస్తును ఎట్లు నమ్ముదురు? ఈ మాటనే ఆయన 1927లో లోసాను మహాసభలోను వినిపించెను. సంఘైక్యత పెద్దలకు వాదవిషయమేగాని, గ్రామ క్రైస్తవునికి అది ప్రాణసమస్య యని ఆయన యెరుగును.

ఆ సంప్రదింపులు ఇరువది యెనిమిది యేండ్లు సాగెను. చివరకు 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. అది చూచుటకు అజరయ్యగారు బ్రదికియుండలేదు.

దోర్నకల్ దేవాలయమును కడవరి దినములును

దోర్నకల్‌లో ఆయన కట్టించిన పెద్ద దేవాలయము 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడెను. జ్ఞానులకు క్రీస్తు ప్రత్యక్షమైన పండుగదినమది. దాని స్తంభములు మన దేశపు గుడుల పోలికను, గుమ్మటములు మసీదుల పోలికను ఉన్నవి. అన్నిటి నడుమ సిలువ నిలిచియున్నది. క్రీస్తును నమ్మినవాడు తన దేశమును విడువనక్కరలేదని ఆ రాళ్లు నేటికిని సాక్ష్యమిచ్చుచున్నవి.

డెబ్బది యేండ్లు వచ్చినను ఆయన పల్లెలకు పోవుట మానలేదు. గ్రామముల దర్శనము ముగించి వచ్చి జ్వరపడి, 1945 జనవరి 1వ తేదీన దోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించెను. ఆ నెలలోనే ఆంగ్లికను మహాసభ ఐక్యసంఘ ప్రణాళికను అంగీకరించెను. మోషే నెబో కొండనుండి దేశమును చూచినట్లు ఆయన దూరమునుండి చూచి వెళ్లెను. తాను ప్రేమించిన దేవాలయము ప్రక్కనే ఆయనను సమాధిచేసిరి.

ఆలోచించుకొందము

మన సంఘము పుచ్చుకొను సంఘమా, ఇచ్చు సంఘమా? మన కానుకతో ఏ పల్లెకైన సువార్త పోవుచున్నదా?

మన గుడిలో కులమును బట్టి కూర్చుండు చోటు, సంబంధము, పెత్తనము నిర్ణయింపబడుచున్నవా? బల్లయొద్ద ఒకటిగా మ్రోకరించి, వీధిలోనికి వచ్చి వేరగుచున్నామా?

మన పిల్లలకు చదువు చెప్పించితిమి, సంతోషము. సువార్త భారమును కూడ వారికి అప్పగించితిమా?

పెద్దలయెదుట సత్యము పలుకవలసివచ్చినప్పుడు ప్రేమతో పలుకుచున్నామా, లేక భయముతో మౌనముగా నుండి, వెనుక గొణుగుచున్నామా?

బాప్తిస్మము పొందిన ప్రతివాడును ఆ దినమున తన తలమీద చేయి ఉంచుకొనకపోయినను, భారము మాత్రము తలమీదనే యున్నది. దానిని మోయుటకు గొప్ప చదువు అక్కరలేదు. ఈ వారము పొరుగింటివానితో ఒక మంచిమాట చెప్పి, అతనికి స్నేహితుడగుటతో మొదలుపెట్టుదము.

ప్రార్థన: ప్రభువా, మా పల్లెలకు నీ సేవకుని పంపినందుకు నీకు స్తోత్రము. ఆయన విడిచిపోయిన పనిని ముగించుటకు మాకు ప్రేమను, ధైర్యమును దయచేయుము. మా మధ్యనున్న గోడలను పడగొట్టుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.